చివరి సీటు దాకా

నిన్న మధ్యాహ్నం ఏడో తరగతి జవాబు పత్రం ఒకటి నా బల్ల మీదికి వెనక్కి వచ్చింది. మేం దిద్దిన పత్రాల్లో నాలుగైదు తీసి మా గణిత విభాగం పెద్దాయన మళ్ళీ చూడటం మా బడిలో ఆనవాయితీ. నేను పూర్తి మార్కులు వేసిన ఒక లెక్క చుట్టూ ఆయన ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన "ఇది పద్ధతి కాదు. అర మార్కు తగ్గించి నన్ను కలవండి" అని రాశారు. పద్ధతి కానిది ఏమిటా అని చూశాను. ఆ పిల్ల 4(x + 7) కింద రెండు చక్రాలు గీసింది. మొదటి బ్రాకెట్ పక్కన ఎక్కడానికి చిన్న మెట్టు పెట్టింది. బయటున్న నాలుగు నుంచి x మీదికి ఒక వంపు గీత, 7 మీదికి ఇంకో వంపు గీత. కింద 4x + 28 అని జవాబు. ఆ కింద పెన్సిల్‌తో x బదులు ఆరు వేసి, అటూ ఇటూ యాభై రెండు వచ్చిందని సరిచూసుకుంది కూడా.

పిల్లను స్టాఫ్ రూమ్‌కి పిలిపించి, బస్సు బొమ్మ ఎవరు నేర్పారని అడిగాను. తిడతాననుకుంది పాపం, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"మా అక్క చెప్పింది మిస్. అక్కకి వాళ్ళ బస్సు ఆయా చెప్పిందంట."

నాకు కళ్ళు చెమర్చాయి. దాచుకోలేదు. ఆ బస్సు ఆయా పోయిన వేసవిలో వాళ్ళ ఊళ్ళో చనిపోయిందని నాకు తెలిసి మూడు నెలలైంది. ఈ బడిలో ఆ సంగతి నేను చెప్పుకోదగ్గ మనిషి ఒక్కరూ లేక నాలోనే పెట్టుకున్నాను. ఇప్పుడు ఎర్ర సిరా చుట్టిన కాగితం ముందు పెట్టుకుని చెబుతున్నాను.

ఆమెది అన్నమయ్య జిల్లా. పేరు చెప్పేది కాదు. ఎవరైనా అడిగితే "ఆయమ్మ అనండి, సాలు" అనేది. ఈ కువైట్‌లో జహ్రా అనే ఊరి నుంచి వచ్చే మా బడి బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే పని. జీతమిచ్చేది బడి కాదు, దజీజ్‌లో ఆఫీసున్న ఒక క్లీనింగ్ కంపెనీ. ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు వాళ్ళ చేతిలో, బస్సు మా చేతిలో, పిల్లలు ఆమె చేతిలో. కంపెనీ ఇచ్చిన నీలం చొక్కా ప్యాంటు మీద ఇంటి నుంచి తెచ్చుకున్న నూలు తువ్వాలు వేసుకునేది. ఆ తువ్వాలు కొసన ఎప్పుడూ ఒక ముడి. అందులో సుద్దముక్క. బస్సులో సుద్దముక్కతో ఏం పని అని నేను మొదట్లో నవ్వుకున్నాను.

ఆమె గతం నాకు పెద్దగా తెలియదు. ఊళ్ళో బడిలో పిల్లలకు లెక్కలు చెప్పేదాన్నని, విద్యా వాలంటీరుగా చేశానని, ఒక ఏడాది మళ్ళీ రమ్మనలేదని ఒక్కసారి అంది. "రమ్మనకపోతే పోతామా యాడికన్నా? ఈడికొచ్చినా" అని తేల్చేసింది. అంతకు మించి తవ్వనిచ్చేది కాదు.

నేను కాకినాడ నుంచి వచ్చినదాన్ని. ఎమ్మెస్సీ, బీఎడ్, పైగా నాకు బాగా పాఠం చెబుతానని గట్టి నమ్మకం. చేరిన మొదటి ఏడాదే ఏడో తరగతి నాలుగు సెక్షన్లు ఇచ్చారు. ఆ ఏడాది ఒకసారి వరసగా రెండు రోజులు ఊరంతా దుమ్ము గాలి. మూడో రోజు పొద్దున బడి ఆవరణలో నిలబెట్టిన బస్సులన్నీ లేత పసుపు రంగుకు తిరిగాయి. వాటిలో ఒక బస్సు పక్క భాగం మీద, ఆ దుమ్ములో, ఎవరో వేలితో పెద్ద పెద్ద అక్షరాలు రాసి ఉంచారు. 5(x + 3). దాని కింద 5x + 3, మీద అడ్డంగా కొట్టివేత. దాని కింద 5x + 15. ఆ చివర ఒక ప్రశ్న గుర్తు, దాని పక్కన తెలుగులో "ఎందుకని?"

పెషావర్ నుంచి వచ్చిన డ్రైవర్ చాచా చేతిలో నీళ్ళ పైపు పట్టుకుని బస్సు కడగకుండా నిలబడి ఉన్నాడు. ఎందుకు కడగడం లేదని అడిగితే, "ఆయా బోలీ, బచ్చే పఢ్‌నే కే బాద్" అన్నాడు. పిల్లలు చదివాక కడగమందట. ఆ రోజు నా మొదటి పీరియడ్‌లో మళ్ళీ చెప్పాల్సిన పాఠం అదే. నా కంటే ముందు నా పాఠం బస్సు మీద ఎక్కి వచ్చేసింది.

నాకు ఒళ్ళు మండింది. ఆ సాయంత్రం ఆ బస్సులోనే ఎక్కాను. జహ్రాలో మా పిన్ని కూతురు నర్సుగా చేస్తోంది, దాన్ని చూడటానికని చెప్పాను. అసలు సంగతి తేల్చుకోవడానికే వెళ్ళాను.

బస్సు గేటు దాటగానే ఆమె బడి కూలర్ దగ్గర నింపుకొచ్చిన పెద్ద జగ్గు పట్టుకుని ముందు సీటు దగ్గర నిలబడింది. పిల్లలందరూ సీసాల మూతలు తీశారు. ఒక్కో సీసాలో కొంచెం కొంచెం పోసుకుంటూ వెనక్కి నడిచింది. ఎవరి సీసా నిండుగా ఉన్నా మూత తీయాల్సిందే, ఒక చుక్కైనా పోయించుకోవాల్సిందే. నిద్రపోతున్న వాడి ఒళ్ళోంచి సీసా తీసి, పోసి, మళ్ళీ ఒళ్ళో పెట్టింది. సగం దూరం వచ్చేసరికి ఒక పిల్లవాడు "ఖలాస్!" అని అరిచాడు.

"అప్పుడే ఖలాసా? వెనక ఎవురుండారో సూడు."

చివరి సీటు దాకా వెళ్ళి, అక్కడ కిటికీకి తల ఆనించి కూర్చున్న చిన్నపిల్ల సీసాలో పోసి, అప్పుడు వెనక్కి తిరిగి ఆమే గట్టిగా "ఖలాస్" అంది. పిల్లలంతా అందుకున్నారు.

"బస్సేంది?" అని అడిగింది.

"బ్రాకెట్!"

"నేనేంది?"

"బయట నంబర్!"

"బయట నంబరు లోపలికొస్తే?"

"అందరికీ ఇవ్వాలి!"

"ముందు సీటోళ్ళకిచ్చి దిగిపోతే?"

"తప్పు!"

"ఊ. ఇంగొగటి."

ఆమె నోట "వెరీ గుడ్" అన్న మాట నేనెన్నడూ వినలేదు. ఎంత బాగా చెప్పినా "ఊ. ఇంగొగటి" అనేది. పిల్లలు ఆ 'ఊ' కోసం పడి చచ్చేవాళ్ళు. నేను నెల రోజులుగా బోర్డు మీద బాణాలు గీసి, రంగు మార్కర్లు మార్చి, అయిదును మూడుతో హెచ్చవేయడం మరిచిపోవద్దురా అని గొంతు చించుకుంటున్న పాఠం అది. అయినా సగం మంది 5x + 3 అనే రాస్తున్నారు. జహ్రా బస్సు పిల్లలు మాత్రం రాయడం లేదు. ఎందుకు రాయడం లేదో ఆ సాయంత్రం నీళ్ళ జగ్గు చెప్పింది.

"మీరు దాన్ని ప్రాపర్టీ అంటారు గదా మేడం?" అని అడిగింది నన్ను, నా పక్కన నిలబడి. "మాకు విభాగ న్యాయం అని నేర్పినారు."

నేను ముభావంగా తలాడించాను. ఆమె నా ముభావాన్ని లెక్కచేయలేదు.

ఆ బస్సులో ఎక్కిన పిల్లల లెక్క రాసే కాగితం ఒకటి ఉండేది. రోజూ సాయంత్రం దాని మీద ఎంతమంది ఎక్కారో రాసి మర్నాడు పొద్దున గేటు దగ్గర ఇవ్వాలి. ఆ రోజు ఇరవై రెండు. నా తరగతి పిల్లే ఒకతి, మాటల పుట్ట, ఆ కాగితం చూసి, "ఆయా, మీరు ఎక్కకముందు ట్వంటీ టూ. మీరు ఎక్కాక కూడా ట్వంటీ టూ. అంటే మీరు జీరో. అడిటివ్ ఐడెంటిటీ!" అంది. అందరూ ఘొల్లుమన్నారు. నేనూ నవ్వాను. నేను ముందు వారం చెప్పిన పాఠమే, ఏ సంఖ్యకు సున్నా కలిపినా ఆ సంఖ్య మారదని. పిల్ల చక్కగా వాడిందని లోపల సంతోషించాను కూడా.

ఆమె నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు.

"సున్నా కలిపితే మారదు. తీసేస్తే?"

"తీసేసినా మారదు."

"ఖాయమా?"

"ఖాయం!"

"అయితే చాచా, బస్సు ఆపు."

సిగ్నల్ దాటి పక్కకు తీసి ఆపాడు. ఆమె జగ్గు సీటు మీద పెట్టి, తలుపు తీసుకుని దిగిపోయింది. బయట ఎండ మామూలు ఎండ కాదు. రోడ్డు వార తువ్వాలు తలమీద వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. "యల్లా, పోండి" అని చెయ్యి ఊపింది. చాచా స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఆయా లేకుండా బస్సు నడపకూడదు, అది రూలు. వెనక నుంచి ఎవరో హారన్ కొట్టారు. పిల్లలు కిటికీల్లోంచి "రండి ఆయా, రండి" అని మొదలుపెట్టారు.

"ఎందుకు రావాల? సున్నా తీసేస్తే ఏం మారదంటిరి గదా. బస్సు పోవాల గదా మరి."

మాటల పుట్ట తలదించుకుంది. తర్వాత తలెత్తి గట్టిగా, "మారింది! కాబట్టి మీరు జీరో కాదు!" అని అరిచింది.

"ఊ." ఎక్కింది. తలుపు వేసింది. చెమట తుడుచుకుంది. "ఇంగొగటి. నేను సున్నా గాకుంటే ఆ కాగితంలో ఇరవై రెండు ఎట్లొచ్చింది?"

పిల్లలంతా కాగితం మీదికి వంగారు.

"కాగితం తప్పు" అంది ఆమె. పెన్ను తీసుకుని ఇరవై రెండు కొట్టేసి, తనను, చాచాను కలిపి ఇరవై నాలుగు అని రాసింది. నా వైపు చూసి, ఆ రోజు నేనూ ఉన్నాను కాబట్టి, అదీ కొట్టేసి ఇరవై అయిదు చేసింది.

ఆ తర్వాత ప్రతిరోజూ అదే. గేటు దగ్గర ఆఫీసువాళ్ళు ఆ గడిలో పిల్లల్ని మాత్రమే రాయాలని చెప్పేవాళ్ళు. ఆమె రెండు ఎక్కువ రాసేది. వాళ్ళు కొట్టేసేవాళ్ళు. మర్నాడు మళ్ళీ రాసేది. "బస్సుకేమన్నా అయితే మమ్మల్ని ఎతకరా?" అని అడిగేది. ఆఫీసువాళ్ళు విసుక్కునేవాళ్ళు.

సున్నా మీద ఆమెకు ఎందుకంత పట్టింపో ఇంకోరోజు చెప్పింది. వచ్చిన కొత్తలో అయిదో నంబరు బస్సు ఎక్కమన్నారట. ఆ బస్సు మీద నంబరు అరబీలో ఉంది. అరబీ అయిదు మన సున్నాలాగా గుండ్రంగా ఉంటుంది. సున్నా నంబరు బస్సు మనది కాదులే అనుకుని దాని పక్కనే గంటసేపు నిలబడి, దాన్నే పోగొట్టుకుందట. "నా ముందరే నిలబడింటే సున్నా అనుకున్నా మేడం. ఆ పొద్దు నుంచి ఏ గుండ్రాన్నీ చూడంగానే నమ్మను." ఇలా చెప్పి తన మీద తానే పడీపడీ నవ్వింది. ఆ నవ్వు పెద్దది, పై పళ్ళన్నీ కనిపించేవి.

ఇంకో అలవాటు, ఆరు వేసి చూడటం. ఏ లెక్కయినా చివర్న "ఆరేసి సూడు" అనేది. ఆరే ఎందుకని నేను అడిగాను. అప్పటికి నా ముభావం కొంచెం సడలింది. "సున్నా, ఒగటి ఏస్తే కొన్నిసార్లు తప్పు కూడా ఒప్పు మాదిరి కనపడతాది. అవి ఎవుర్నీ మార్చవు గదా, అందుకని ఎవుర్నీ బయటపెట్టవు. ఆరుకు మొహమాటం లేదు" అంది. బీఎడ్‌లో నాకెవరూ చెప్పని మాట అది. ఇంటికెళ్ళి నోట్సులో రాసుకున్నాను. ఎవరు చెప్పారో మాత్రం రాసుకోలేదు.

అక్కడే నా బుద్ధి తెలుస్తోంది కదా. ఇక మిగతాది చెప్పేస్తాను.

యూనిట్ టెస్ట్‌లో –2(x – 5) ఇచ్చాను. దిద్దుతుంటే నాలుగు సెక్షన్లలో ఎక్కువ మంది –2x – 10 రాశారు. నేను తయారుచేసుకున్న జవాబుల కాగితంలో కూడా అదే ఉంది. అయిదుగురు మాత్రం –2x + 10 రాశారు. అయిదుగురూ జహ్రా బస్సు పిల్లలే. అయిదుగురికీ సున్నా వేశాను. మాటల పుట్ట లేచి నిలబడి, "మిస్, ఆయా చెప్పింది. మైనస్ కోపంగా బస్సెక్కితే అందరి మొహాలూ మారతాయి. నవ్వేవాళ్ళు ఏడుస్తారు, ఏడ్చేవాళ్ళు నవ్వుతారు" అంది. తరగతంతా నవ్వింది. నా ముఖం వేడెక్కింది.

పెన్ను తీసి, ఆరు వేసి చూసుకుంటే అరనిమిషం పని. నేను ఆ పని చేయలేదు. బస్సు ఆయా పిల్లలకు తప్పులు నేర్పుతోందని, నా పాఠానికి అడ్డం వస్తోందని సూపర్‌వైజర్ మేడమ్‌కి కాగితం రాసిచ్చాను. సంతకం చేసి, తేదీ వేసి మరీ ఇచ్చాను.

రెండు రోజుల తర్వాత ఆమెను పిలిపించారు. కంపెనీ మనిషి దజీజ్ నుంచి వచ్చాడు. సూపర్‌వైజర్ మేడమ్‌కి తెలుగు రాదు, ఆయమ్మకి ఇంగ్లిషు అంతగా రాదు. మధ్యలో మాట చెప్పడానికి నన్ను కూర్చోబెట్టారు. ఫిర్యాదు చేసింది నేనే, దుబాసీని నేనే. అదెంత తప్పో అప్పుడు నాకు తోచలేదు.

టైపు చేసిన క్షమాపణ కాగితం ఆమె ముందు పెట్టారు. ఇకమీద పిల్లలకు ఏమీ చెప్పనని, చెప్పినందుకు విచారిస్తున్నానని అందులో ఉంది. సంతకం పెడితే బస్సులో ఉంచుతారు. లేకపోతే కంపెనీ వేరే చోటికి మారుస్తుంది. నేను తెలుగులో చదివి చెప్పాను. ఆమె కూర్చోలేదు. కుర్చీ చూపించినా నిలబడే ఉంది.

"ఏ లెక్క తప్పు చెప్పినానంట?"

మాటల పుట్ట జవాబు పత్రం ఇచ్చాను. దాన్ని చాలాసేపు చూసింది. బల్ల మీదున్న పెన్ను అడక్కుండానే తీసుకుంది. ఆ క్షమాపణ కాగితాన్ని తిరగేసి, దాని వెనక రాసింది. x బదులు ఆరు. ఆరులోంచి అయిదు పోతే ఒకటి, మైనస్ రెండుతో హెచ్చవేస్తే మైనస్ రెండు. ఇటు మైనస్ పన్నెండు, దానికి పది కలిపితే మైనస్ రెండు. అటు మైనస్ పన్నెండులోంచి ఇంకో పది పోతే మైనస్ ఇరవై రెండు. మొదటి రెండింటి కింద ఒక్కో గీత గీసి, మూడోదాన్ని కొట్టేసి, కాగితం నా వైపు తిప్పింది.

నాకు అర్థమైంది. ఆ క్షణమే అర్థమైంది. నాలుగు సెక్షన్లకూ బోర్డు మీద తప్పు నేర్పింది నేను.

"మేడం, వాళ్ళకు చెప్పు" అంది ఆమె, నా కళ్ళలోకి చూస్తూ. "తప్పుంటే సూపియ్యమను, అందరి ముందర ఒప్పుకుంటా. లేకుంటే సంతకం పెట్టను."

ఆమె ఏమంటోందని సూపర్‌వైజర్ మేడమ్ నన్ను అడిగింది.

"సంతకం పెట్టదట" అన్నాను ఇంగ్లిషులో.

అంతే చెప్పాను. రెండు మాటల్లో ఒకటే చెప్పాను. మొదటిది, అసలుది, నా నోట్లోనే ఉండిపోయింది. ఆయమ్మకి ఇంగ్లిషు రాదని అనుకున్నాను గానీ, మాట ఎంత పొడవుందో తెలుసుకునేంత వచ్చు. నేను చెప్పింది పొట్టిగా ఉందని ఆమెకు తెలిసిపోయింది. పెన్ను బల్ల మీద పెట్టి, తువ్వాలు సర్దుకుని, "ఖలాస్" అని బయటికి నడిచింది. కంపెనీ మనిషి వెనకాల పరిగెత్తాడు. క్షమాపణ కాగితం అక్కడే ఉంటే నేను తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. ఎవరూ గమనించలేదు.

మరుసటి వారం జహ్రా బస్సులో కొత్త ఆయా. గేటు కాగితం మీద ఇరవై రెండు.

నేను ఆ అయిదుగురు పిల్లల మార్కులు గుట్టుగా సరిచేశాను. కూడికలో పొరపాటు జరిగిందని చెప్పాను. నా మనసుకు కొంత తేలికైంది. ఇంకేం చేయగలను అని సర్దిచెప్పుకున్నాను.

రెండు నెలలు పోయాక ఒక సర్టిఫికెట్ మీద ముద్ర కోసం కువైట్ సిటీలో ఒక మంత్రిత్వ శాఖ ఆఫీసుకు వెళ్ళాను. టోకెన్ తీసుకుని కూర్చున్నాను. ఆ పొడవాటి వరండాలో, అదే నీలం చొక్కాలో, ఆమె తుడుస్తోంది. పసుపు పచ్చ హెచ్చరిక బోర్డు ముందుకు జరుపుకుంటూ, వెనక్కి నడుస్తూ తుడుస్తోంది. నేను లేచి దగ్గరికి వెళ్ళాను. పోకుండా ఉండలేకపోయాను, అదొక్కటే నేను చేసిన మంచి పని.

"అక్కా" అన్నాను. అంతవరకూ ఎప్పుడూ ఆయా అనే పిలిచాను.

"ఎట్లుండావు మేడం? పిల్లోల్లు ఎట్లుండారు?"

"అక్కా, మార్కులు సరిచేశానండి. మీరు చెప్పిందే కరెక్టు. మీ బస్సు పిల్లలకి, అయిదుగురికీ వేసేశాను."

తుడుపుకర్ర ఆపింది. "మిగతావాళ్ళకి?"

"మిగతావాళ్ళవి తప్పులు కదండీ. వాళ్ళకి వేయకూడదు కదా."

"మార్కుల మాట గాదు. నువ్వు బోర్డు మీద రాసిందే రాసినారు గదా వాళ్ళు, నూరు మంది. వాళ్ళకు చెప్పినావా, నేను రాసింది తప్పని?"

నేను నేల చూశాను. తడి నేల మీద దీపాలు కనిపిస్తున్నాయి.

"అప్పుడే ఖలాసా?" అంది. గొంతు పెంచలేదు. "ముందు సీటోళ్ళకు పోసి దిగిపోయినావు మేడం. వెనక ఎవురుండారో సూడలా."

నాకు ఏడుపు వచ్చింది. అంతమంది మధ్యలో, టోకెన్ కాగితం చేతిలో పట్టుకుని ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు, చూస్తూ నిలబడింది.

"మీ మీద ఇచ్చిన కంప్లయింటు వెనక్కి తీసుకుంటానక్కా. మిమ్మల్ని మళ్ళీ బస్సులోకి అడుగుతాను."

"అడుగు. ఇయ్యరు. ఇయ్యకున్నా అడుగు." హెచ్చరిక బోర్డు తీసి ముందుకు జరిపింది. "నాకేం తక్కువలేదు ఈడ. ఈడ కూడా ఇద్దరు పిల్లోల్లుండారు, బంగ్లాదేశ్ వాళ్ళు, నాతోనే తుడిచేటోళ్ళు, పని అయినాక లెక్కలు చెప్తాండా. ఒగడు ఎక్కాలు అప్పజెప్తే వినబుద్ధి అయితాది." తువ్వాలు కొస విప్పి చూపించింది. సుద్దముక్క అలాగే ఉంది.

నా టోకెన్ నంబరు పిలిచారు. నేను వెళ్ళి వచ్చేసరికి వరండా ఆరిపోయింది, ఆమె పై అంతస్తుకు వెళ్ళిపోయింది.

మర్నాడు నాలుగు సెక్షన్లకూ వెళ్ళాను. ప్రతి బోర్డు మీదా –2(x – 5) రాసి, నేను తప్పు చెప్పానని, సరిగ్గా చెప్పింది జహ్రా బస్సు ఆయా అని చెప్పాను. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు వింటే సరిపోతుందని అనుకోకుండా, చివరి బెంచీల దాకా నడిచి ఒక్కొక్కరి నోట్‌బుక్ తెరిపించి దిద్దించాను. నాలుగు పీరియడ్లూ పట్టింది. సూపర్‌వైజర్ మేడమ్ పిలిచి, తల్లిదండ్రులకు తెలిస్తే బడి పరువేం కావాలని అడిగింది. నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని రాసిచ్చాను. అవసరం లేదు, ఆమె ఇప్పుడు ఇక్కడ లేదు కదా అంది. ఆమె లేకపోయినా కాగితం ఉంది, దాని పక్కన ఇది కూడా ఉండాలన్నాను. బస్సులోకి తిరిగి తీసుకోమని అడిగాను. ఇవ్వలేదు. ప్రతి టర్మ్ మొదట్లోనూ అడిగాను. మరుసటి ఏడాది నాకు ఎనిమిదో తరగతి ఇవ్వలేదు, ఆ తర్వాతా ఇవ్వలేదు. ఏడో తరగతితోనే ఉండిపోయాను. నాకు విచారం లేదు. పిల్లలు బ్రాకెట్‌ను మొదటిసారి చూసేది ఈ తరగతిలోనే.

అప్పటి మాటల పుట్ట ఇప్పుడు ప్లస్ టూ. దాని చెల్లెలే బస్సు బొమ్మ గీసిన పిల్ల.

నిన్న సాయంత్రం ఇంటికి వెళ్ళి హ్యాండ్‌బ్యాగుల్లో వెతికాను. పాతదాని లోపలి జేబులో ఆ క్షమాపణ కాగితం దొరికింది. ముందువైపు టైపు చేసిన ఇంగ్లిషు, సంతకం చోట ఖాళీ. వెనకవైపు ఆమె చేతిరాత. ఆరు మీద గట్టిగా నొక్కి రాసింది, కాగితం ముందువైపుకి గుచ్చుకుని కనిపిస్తోంది.

ఈ పొద్దున ఆ కాగితాన్నీ, జవాబు పత్రాన్నీ పట్టుకుని పెద్దాయన గదికి వెళ్ళాను. కూర్చోమన్నారు. నేను నిలబడే ఉన్నాను. "ఆ అర మార్కు తగ్గించారా?" అని అడిగారు.

ఇంగ్లిషులోనే చెప్పాను. నెమ్మదిగా, ఒక్క ముక్క కూడా నోట్లో మిగల్చకుండా, రెండు మాటలూ చెప్పాను.

"తప్పుంటే చూపించండి, అందరి ముందూ ఒప్పుకుంటాను. లేకపోతే మార్కు కొయ్యను."